జన్మస్థలమా, స్వగ్రామమా?

సందేహం: మాది భీమవరం ప్రాంతం. మోగల్లులో అల్లూరి సీతారామరాజు పేరిట ఒక రాతి ఫలకం నిలపాలని కొందరం సంకల్పించాం. 'అల్లూరి జన్మస్థానం మోగల్లు – చారిత్రాత్మక శిలాశాసనం' అని ఒకరు నమూనా రాసి ఇచ్చారు. ఆయన పుట్టింది పాండ్రంగిలో కాబట్టి ఇది తప్పని ఒకరు, సొంతూరు మోగల్లే గనుక ఎలా రాసినా ఒకటేనని మరికొందరు అంటున్నారు. ఏ మాట రాయించాలి?
– ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం: తప్పని చెప్పినవారి మాటే సరైనది. సీతారామరాజు 1897 జులై 4న పాండ్రంగిలో, తల్లి సూర్యనారాయణమ్మగారి పుట్టింట జన్మించారు. ఆ ఊరు ఇప్పటి విశాఖపట్నం జిల్లా పద్మనాభం మండలంలో ఉంది. తండ్రి వెంకటరామరాజుగారి ఊరు, అంటే అల్లూరివారి ఊరు, పాలకోడేరు మండలంలోని మోగల్లు. కనుక పాండ్రంగి ఆయన జన్మస్థలం, మోగల్లు ఆయన స్వగ్రామం. 2022 జులై 4న భీమవరంలో ముప్పై అడుగుల కాంస్య విగ్రహాన్ని ఆవిష్కరించిన సందర్భంలో ప్రభుత్వం చేసిన ప్రకటనలోనూ ఈ తేడా కనిపిస్తుంది: జన్మస్థలాన్ని పునరుద్ధరిస్తామన్నది పాండ్రంగిలో, ధ్యాన మందిరం కడతామన్నది మోగల్లులో.

అయితే 'ఎలా రాసినా ఒకటే' అన్నవారి అభిప్రాయం కూడా ఊరికే పుట్టలేదు. మన దేశంలో ఆడపిల్లను పురిటికి పుట్టింటికి తీసుకువెళ్ళడం తరతరాల ఆచారం. ఆస్పత్రి కాన్పులు రాని రోజుల్లో ఆ ఆచారం వల్ల ఎందరో బిడ్డలు అమ్మమ్మగారి ఊళ్ళో కన్ను తెరిచి, నెలలు నిండాక తల్లి ఒడిలో నాన్నగారి ఊరు చేరేవారు. అటువంటివారిని జీవితాంతం 'మీదే ఊరు?' అని అడిగితే చెప్పేది నాన్నగారి ఊరే. నరసాపురం వెళ్ళే బస్సులో పక్క సీటులో కూర్చున్న పెద్దమనిషిని అడిగి చూడండి. 'మాది మోగల్లండి. పుట్టడం మాత్రం మా అమ్మమ్మగారి ఊళ్ళోనండి' అంటారు. ఆ రెండు వాక్యాల్లో తికమక ఏమీ లేదు. 'మాది' అన్న మాట వంశానికీ, ఇంటికీ, పొలానికీ సంబంధించినది. 'పుట్టడం' అన్న మాట ఒక్క పురుడు పోసుకున్న చోటికి సంబంధించినది. నోటి మాటలో ఇంత స్పష్టంగా విడివిడిగా పలుకుతున్న రెండు విషయాలను రాతి మీదకు వచ్చేసరికి ఒక్కటి చేయడం న్యాయం కాదు. పైగా అది పాండ్రంగికి దక్కవలసిన మాటను తీసివేయడం, పురుడు పోసిన తల్లి పుట్టింటిని మరచిపోవడం కూడా అవుతుంది. నాకు ఈ రెండో విషయమే ఎక్కువ బాధ కలిగిస్తుంది.

'స్వగ్రామం'కు అచ్చ తెలుగులో 'సొంతూరు' అని హాయిగా అనవచ్చు. ఊరు పట్టణమైతే 'స్వస్థలం' అంటే సరిపోతుంది. ఈ మధ్య 'మా నేటివ్ భీమవరం' అనడం పరిపాటి అయింది. దాని అర్థం కూడా ఇదే తప్ప పుట్టిన చోటు కాదు. 'అల్లూరి పుట్టిన గడ్డ' అని సభలో ఒక వక్త ఆవేశంగా అన్నప్పుడు 'గడ్డ' అంటే తెలుగు నేల అంతా అని విన్నవారు గ్రహిస్తారు కనుక అది చెల్లుతుంది. అదే మాటను ఊరి మొదట్లో రాతి మీద చెక్కిస్తే, ఆ 'గడ్డ' ఆ ఊరికే పరిమితమై తప్పు సమాచారం అవుతుంది.

ఇక 'జన్మస్థానం'. వ్యాకరణం ప్రకారం దీనిలో దోషం లేదు. కానీ తెలుగువారి వాడుకలో ఇది ఎక్కువగా దేవతల, అవతార పురుషుల విషయంలో స్థిరపడింది. అంతేకాక, కృష్ణుడు కంసుని చెరసాలలో పుట్టాడు గనుక 'శ్రీకృష్ణ జన్మస్థానం' అంటే జైలు అనే అర్థం నుడికారంగా నిలిచిపోయింది. అందుచేత మనుషుల విషయంలో 'జన్మస్థలం' మంచిది. పుట్టిన ఇల్లే ఇప్పటికీ నిలిచి ఉంటే 'జన్మగృహం' అనడం మరింత కచ్చితం. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగంగారు పుట్టిన ఇంటికి ఆ మాట చక్కగా నప్పుతుంది.

'శిలాశాసనం' అనే మాట కూడా ఇక్కడ తగదు. శాసించడం అంటే ఆజ్ఞాపించడం. పాలకుడు ఇచ్చిన ఆజ్ఞనో దానాన్నో నమోదు చేసినది శాసనం. మీకు దగ్గరలోని కోనసీమనే తీసుకుంటే, పదకొండో శతాబ్దంలో రాజరాజ నరేంద్రుడు నారాయణభట్టుకు అగ్రహారం ఇస్తూ వేయించిన నందంపూడి రాగిరేకులు శాసనం. దానిని రచించినవాడు నన్నయభట్టు. మీరు నిలుపుతున్నది ఎవరినీ ఆజ్ఞాపించదు, ఏ దానాన్నీ ప్రకటించదు. ఒక మహనీయుని గుర్తు చేస్తుంది, అంతే. దానికి 'స్మారక ఫలకం' సరైన పేరు. రాతిదని చెప్పాలనుకుంటే 'స్మారక శిలాఫలకం' అనవచ్చు. నిజానికి ఫలకం మీద అది ఫలకమని రాయవలసిన పనే లేదు.

ఫలకం మీద ఈ మాటలు చాలునని నా అభిప్రాయం: 'మన్యం వీరుడు అల్లూరి సీతారామరాజు స్వగ్రామం మోగల్లు. ఆయన 1897 జులై 4న విశాఖపట్నం జిల్లా పాండ్రంగిలో, మాతామహుల ఇంట జన్మించారు.' 'జన్మించెను' అంటే గౌరవం తగ్గుతుంది, 'జన్మించిరి' అంటే ఈనాటి పిల్లలకు పరాయిగా వినిపిస్తుంది కాబట్టి 'జన్మించారు' అనే ఉంచండి. అడుగున ఆవిష్కర్త పేరు వేయదలిస్తే 'వారిచే ఆవిష్కరింపబడినది' అని కాక 'వారు ఆవిష్కరించారు' అని సూటిగా రాయించండి.

మిగిలింది 'చారిత్రాత్మక'. ఇది చాలామంది రాస్తున్న తప్పు. చరిత్ర, ఆత్మకం కలిస్తే సవర్ణదీర్ఘ సంధి వల్ల 'చరిత్రాత్మకం' అవుతుంది. మొదటి అక్షరానికి దీర్ఘం రావడానికి అక్కడ కారణమే లేదు. ఆ దీర్ఘం 'ఇక' ప్రత్యయం చేరినప్పుడు వచ్చేది: సమాజం సామాజికం అయినట్లు, పురాణం పౌరాణికం అయినట్లు, చరిత్ర చారిత్రికం అవుతుంది. వాడుకలో అదే 'చారిత్రకం'గా స్థిరపడింది. ఒకదాని తలను మరొకదాని తోకకు అతికిస్తే వచ్చిన రూపం 'చారిత్రాత్మక'. అర్థంలోనూ ఈ రెంటికీ తేడా పాటించడం మంచిది. చరిత్రకు సంబంధించినది చారిత్రకం, చరిత్ర గతిని మార్చినది చరిత్రాత్మకం. 1922 ఆగస్టు 22న రాజు తన అనుచరులతో చింతపల్లి పోలీసు స్టేషన్‌పై చేసిన దాడి చరిత్రాత్మక ఘటన. ఆ స్టేషన్ చారిత్రక స్థలం. మీ నమూనాలో ఆ మాట అవసరం లేదు. కాదు, ఉండాలంటే 'చారిత్రక' అని దిద్ది, అక్షరాలు చెక్కే శిల్పికి కాగితం అందక ముందే మరొకరిచేత కూడా చదివించండి.