సువోమెన్‌లిన్నా కోటకు ఒక పూట సరిపోతుందా?

ప్రశ్న: వేసవిలో మా అమ్మానాన్నలతో ఫిన్లాండ్ రాజధాని హెల్సింకికి వెళ్తున్నాము. సముద్రంలో దీవుల మీద కట్టిన సువోమెన్‌లిన్నా కోటను చూడడానికి ఒక పూట సరిపోతుందా? ప్రవేశ రుసుము ఉంటుందా? పెద్దవాళ్లు అక్కడ నడవగలరా? – ఒక పాఠకురాలు

జవాబు: సరిపోతుందండీ. అయితే ఆ సమయాన్ని మ్యూజియంల కంటే నడకకే ఎక్కువగా కేటాయించండి. సుమారు 800 మంది నేటికీ కాపురముంటున్న కోట ఇది, లోపలికి వెళ్లడానికి రుసుము లేదు. మ్యూజియంలకు మాత్రం విడిగా చెల్లించాలి. నగరంలోని మార్కెట్ కూడలి అయిన కౌప్పతోరి రేవు నుంచి ఏడాది పొడవునా తిరిగే ఫెర్రీ ఇరవై నిమిషాల లోపే దీవికి చేరుస్తుంది, నగరంలోని ట్రాముల టికెట్టే దానికీ చెల్లుతుంది.

వెళ్లే ముందు కోట చరిత్ర కొంత తెలుసుకోవడం ఎంతో అవసరమని నా అభిప్రాయం. ఫిన్లాండ్ స్వీడన్ రాజ్యంలో భాగంగా ఉన్న రోజుల్లో, రష్యా నుంచి రక్షణ కోసం 1748లో స్వీడన్ సైనికాధికారి అగస్టిన్ ఎరెన్‌స్వర్డ్ పర్యవేక్షణలో దీని నిర్మాణం మొదలైంది. దశాబ్దాల శ్రమతో లేచిన ఈ కోటను 1808లో రష్యా సేనలు ముట్టడించినప్పుడు, సేనాధిపతి క్రోన్‌స్టెడ్ట్ చివరిదాకా పోరాడకుండానే అప్పగించాడు; ఆయన ఎందుకలా చేశాడన్నది ఇప్పటికీ తెగని చర్చ. మరుసటి ఏడాది ఫిన్లాండ్ మొత్తం రష్యా వశమైంది. రష్యాతో బ్రిటన్, ఫ్రాన్స్ తలపడిన క్రిమియా యుద్ధకాలంలో, 1855లో, బ్రిటిష్, ఫ్రెంచి నౌకలు కోటపై ఫిరంగుల వర్షం కురిపించాయి. 1918లో అది స్వతంత్ర ఫిన్లాండ్ చేతికి వచ్చింది, 1991లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

ఇది తెలిసి నడిస్తే ప్రతి మలుపూ అర్థవంతమవుతుంది. రష్యా సైనికుల కోసం ఆర్థడాక్స్ ఆలయంగా కట్టిన చర్చి తరువాత లూథరన్ చర్చిగా మారింది, దాని శిఖరం మీది దీపం ఓడలకు దారి చూపుతుంది. పెద్ద ప్రాంగణంలో ఎరెన్‌స్వర్డ్ సమాధి ఉంది. దాని ఆకృతిని స్వీడన్ రాజు మూడవ గుస్తావ్ స్వయంగా సూచించాడు. నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు అదే.

మీ అమ్మానాన్నలకు ప్రధాన రేవు నుంచి రాజద్వారం (కింగ్స్ గేట్) దాకా వెళ్లే, ఒకటిన్నర కిలోమీటర్ల నీలిరంగు గుర్తుల బాట అనువైనది. గుండ్రాళ్లు పరచిన చోట్లుంటాయి కనుక పట్టున్న బూట్లు వేయించండి. గోడల అంచుల్లో చాలాచోట్ల కటకటాలు ఉండవు, సొరంగాల్లో చీకటిగా ఉంటుంది. వారిని అటు తీసుకెళ్లకండి. వేసవిలోనూ సముద్రపు గాలి చల్లగా ఉంటుంది కాబట్టి స్వెట్టర్లు తప్పనిసరి. వారు అలసిపోతే తిరిగి నడవనక్కరలేదు: వేసవి నెలల్లో రాజద్వారం రేవు నుంచే నగరానికి పడవలు నడుస్తాయి, వాటికి మాత్రం వేరే టికెట్టు తీసుకోవాలి.