ఇరవై వేల చిరునామాలా, రెండు వందల మందా?

ప్రశ్న: డిగ్రీ చివరి ఏడాది చదువుతున్నాను. చేత్తో కుట్టిన నోటుబుక్కులు, డైరీలు ఏడాదిగా ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. ఇన్‌స్టాగ్రామ్‌లో 9,000 మంది ఫాలోవర్లు ఉన్నా పోస్టు పెడితే 400 మందికి మించి చూడటం లేదు. అందుకే ఈమెయిల్ న్యూస్‌లెటర్ మొదలుపెడదామనుకుంటున్నాను. ఇప్పటిదాకా నా దగ్గర కొన్నవాళ్లు 200 మంది దాకా ఉంటారు. తెలిసినాయన ఒకరు 20,000 ఈమెయిళ్ల లిస్టు ఇప్పిస్తానంటున్నారు. తీసుకోమంటారా? ‘మెయిళ్లు రాస్తూ కూర్చుంటే ఉద్యోగం ఎప్పుడు చూసుకుంటావు’ అని నాన్న అడుగుతున్నారు. ఆయనకేం చెప్పాలి?

జవాబు: ముందు ఆ లిస్టు సంగతి తేల్చేద్దాం. తీసుకోవద్దు. ఊరికే ఇచ్చినా వద్దు.

అడగనివాళ్లకు ప్రకటన పంపాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. ఇంటర్నెట్‌కు ముందుతరం అనదగ్గ ఆర్పానెట్‌లో, 1978 మే నెలలో, డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఉద్యోగి గ్యారీ థ్యూర్క్ సుమారు 400 మందికి తమ కంప్యూటర్ల గురించి ఒకేసారి మెయిల్ కొట్టాడు. చీవాట్లు బాగానే పడ్డాయి. ఇప్పుడైతే ఎవరూ చీవాట్లు పెట్టరు, చడీచప్పుడు లేకుండా ‘స్పామ్’ అని నొక్కి ఊరుకుంటారు. అసలు ఇబ్బంది అక్కడే ఉంది. పెద్ద సంఖ్యలో మెయిళ్లు పంపేవాళ్ల కోసం గూగుల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి నిబంధనలు బిగించాయి. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు, 0.1 లోపు ఉంటే మంచిదని గూగుల్ అంటోంది. అంటే మీ 20,000 మందిలో 60 మంది విసుక్కుంటే చాలు. ఆ మచ్చ ఆ ఒక్క మెయిల్‌తో పోదు, మీ డొమైన్‌కే, అంటే చిరునామాలో @ తర్వాత ఉండే పేరుకే అంటుకుంటుంది. రేపు నిజంగా డైరీ కొన్నామెకు పంపే ‘మీ ఆర్డర్ బయల్దేరింది’ అన్న మెయిల్ కూడా స్పామ్ ఫోల్డర్‌లో పడొచ్చు. ఆమె మీకు ఫోన్ చేసి అడిగేదాకా ఈ విషయం మీకు తెలియను కూడా తెలియదు.

ఇక ఆ 200 మంది. వాళ్లు ఈమెయిల్ ఇచ్చింది ఆర్డర్ కోసం, న్యూస్‌లెటర్ కోసం కాదు. కాబట్టి ఒక్కసారి అడగండి. ‘మీరు నా దగ్గర డైరీ తీసుకున్నారు. నెలకోసారి పుస్తకాల కుట్టుపని గురించి, కొత్తగా చేసినవాటి గురించి ఒక ఉత్తరం రాద్దామనుకుంటున్నాను. కావాలంటే ఈ లింకు నొక్కండి. నొక్కకపోతే మళ్లీ ఈ విషయం ఎత్తను.’ ఇంతే. 60 మంది నొక్కినా నాకు చాలా సంతోషం, మీకూ ఉండాలి. సైట్లో ఫారం పెట్టేటప్పుడు ముందే టిక్కు పెట్టిన గడి ఉంచకండి. 2018లో అమల్లోకి వచ్చిన యూరప్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం (జీడీపీఆర్) అలాంటి టిక్కును అసలు సమ్మతిగానే లెక్కించదు. ఫారం నింపాక వచ్చే మెయిల్లో ‘అవును, నేనే’ అని మరోసారి నొక్కించుకునే పద్ధతి కూడా పెట్టుకోండి. తప్పుగా టైప్ చేసిన చిరునామాలు అక్కడే ఆగిపోతాయి.

పంపడానికి మీ సొంత జీమెయిల్ వాడొద్దు. దీనికో అనుభవం ఉంది. ఓసారి నేను నలభై మంది విద్యార్థులకు మెయిల్ పంపుతూ చిరునామాలన్నీ ‘టు’ గడిలో పెట్టేశాను. అందరి చిరునామాలూ అందరికీ వెళ్లాయి. ఒకరు ‘రిప్లై ఆల్’ కొట్టారు, ఇక ఆ రోజంతా క్షమాపణలతోనే సరిపోయింది. న్యూస్‌లెటర్ పంపే సర్వీసు ఏదైనా తీసుకోండి, సొంత డొమైన్ మీద చిరునామా పెట్టుకోండి. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు సెట్టింగులు అడుగుతారు. పేర్లు చూసి బెదరక్కర్లేదు. మీ పేరుతో వచ్చిన మెయిల్ నిజంగా మీరు పంపిందేనని అవతలివాళ్ల సర్వర్‌కు రుజువు చూపించడమే వాటి పని. ఒక్క పూటలో అయిపోతుంది.

చాలామంది చతికిలబడేది ఏం రాయాలన్న దగ్గర. ‘ఈ నెల భారీ ఆఫర్లు’ అనే సబ్జెక్ట్ లైన్ మీరు రాయగలరు, నేనూ రాయగలను, ఎవరైనా రాయగలరు. దాని బదులు ‘పుస్తకం తెరిచి బల్ల మీద పెడితే మూసుకుపోతోందా?’ అని పెట్టి చూడండి. లోపల కాగితంలోని నారల గురించి చెప్పండి. కాగితాన్ని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి మెల్లగా వంచి చూస్తే ఒకవైపు తేలిగ్గా వంగుతుంది. నారలు ఆ వంపు వెంటే పడుకుని ఉంటాయి. ఆ దిశ పుస్తకం వెన్నుకు సమాంతరంగా ఉంటేనే పేజీలు బిర్రబిగుసుకోకుండా పరుచుకుంటాయి. ఇది మీకు రోజూ చేసే పని, చదివేవాళ్లకు వింత. చివర ఒక్క ఫొటో, ‘ఈ నెల ఇలా కుట్టినవి పన్నెండు ఉన్నాయి’ అని ఒక్క వాక్యం, ఒక లింకు. అమ్మకానికి అంతకన్నా గట్టి మాట అక్కర్లేదు.

నెలకొకటి చాలు. వారం వారం అని మాటివ్వకండి, పరీక్షల నెలలో తప్పుతారు. మెయిల్ కోడ్ 102 కిలోబైట్లు దాటితే జీమెయిల్ మిగతాది కత్తిరించి దాచేస్తుంది. అన్‌సబ్‌స్క్రైబ్ లింకు సాధారణంగా అట్టడుగున ఉంటుంది కదా, అదీ కనబడకుండా పోతుంది. వెళ్లిపోదామనుకున్న మనిషికి దారి దొరక్కపోతే ఎదురుగా ఉన్న స్పామ్ బటనే నొక్కుతాడు. అందుకే అలంకారాలు తగ్గించండి.

ఎంతమంది తెరిచారన్న అంకె చూసి మురిసిపోవద్దు. 2021లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 15తో యాపిల్ తెచ్చిన ప్రైవసీ ఏర్పాటు వల్ల, దాన్ని ఎంచుకున్నవాళ్ల మెయిళ్లు వాళ్లు చదవకపోయినా తెరిచినట్టే లెక్కలోకి వస్తాయి. ఎన్ని జవాబులు వచ్చాయి, ఎందరు లింకు నొక్కారు, ఎన్ని ఆర్డర్లు పడ్డాయి, ఎందరు వెళ్లిపోయారు అన్నవి నమ్మండి.

నాన్నగారి మాటలో న్యాయం ఉంది. నెలకు రెండు సాయంత్రాలకు మించి దీని మీద పెడితే నేనూ ఆయన పక్షమే. అయితే ఈమెయిల్ మార్కెటింగ్, సీఆర్‌ఎం (కొనుగోలుదారులతో సంబంధాలు చూసుకునే పని), కంటెంట్ రైటింగ్ ఉద్యోగాలకు ఇంటర్వ్యూ చేసేవాళ్లు ‘ఇప్పటిదాకా ఏం చేశారు’ అని అడుగుతారు. సర్టిఫికెట్ చూపించేవాళ్లు చాలామంది ఉంటారు. మీరు మీ నోటుబుక్కుల్లోంచే ఒకటి తీసి, ప్రతి సంచికకూ ఒక పేజీ కేటాయించండి. ఎందరికి పంపాను, సబ్జెక్ట్ లైన్ ఏమిటి, ఏం జరిగింది, తర్వాతి నెల ఏం మార్చాను, ఎందుకు మార్చాను. అంకెలు చిన్నవైనా ఫర్వాలేదు, ఆ ‘ఎందుకు’ చెప్పగలిగితే చాలు. కొనుగోలుదారుల పేర్లు, చిరునామాలు మాత్రం అందులో రాయకండి. ఆరు సంచికలయ్యాక కొనసాగించాలా వద్దా అని ఇంట్లో మళ్లీ మాట్లాడుకోండి.

మొదటి సంచిక ఎవరికీ పంపకముందు టెస్ట్ మెయిల్ నాన్నగారికి పంపండి. పక్కన కూర్చుని, ఏమీ చెప్పకుండా, ఆయన ఫోన్లో ఎలా చదువుతున్నారో చూడండి. అక్షరాలు చిన్నవైతే కళ్లద్దాలు వెతుక్కుంటారు. ఆ తర్వాత అన్‌సబ్‌స్క్రైబ్ ఎక్కడుందో ఆయన్నే కనిపెట్టమనండి.