చవక పిస్టల్‌తో గురి కుదురుతుందా? కాల్చి చూసి చెబుతున్నా

టెక్సాస్‌లో ఉంటున్నానని, రెండు వందల డాలర్లలో దొరికే పిస్టల్‌తో గురి కుదురుతుందా, డబ్బు దండగేనా అని మీరు అడిగారు. కుదురుతుంది. మీ చెయ్యి కుదరాలి గానీ లోపం పిస్టల్‌ది కాదు.

మా బావమరిది డాలస్ దగ్గర ఉంటాడు. వాడి దగ్గర హై పాయింట్ సీ9 ఉంది. ఒహాయోలో తయారయ్యే 9 ఎంఎం పిస్టల్, మ్యాగజైన్‌లో 8 తూటాలు పడతాయి. చేతిలోకి తీసుకోగానే పైభాగం బరువు తెలుస్తుంది. ఖాళీగానే 800 గ్రాములకు పైన తూగుతుంది. ఖరీదైన 9 ఎంఎం పిస్టళ్లలో సాధారణంగా పేలిన క్షణంలో బ్యారెల్ (తూటా వెళ్లే గొట్టం), స్లైడ్ (వెనక్కి జరిగే పైభాగం) ఒకదానికొకటి లాక్ అయి ఉంటాయి. ఇందులో ఆ ఏర్పాటు లేదు. వెనక్కి తన్నే ఊపునంతా స్లైడ్ బరువు, స్ప్రింగే కాసుకోవాలి. అందుకే జింక్ మిశ్రమంతో అంత లావు స్లైడ్ పోశారు. చూడ్డానికి బాగుండదు, నిజమే. ఆ రూపం చూసే మనవాళ్లు దాన్ని తీసిపారేస్తారు.

పోయిన వేసవిలో ఇద్దరం ఒక ఇండోర్ షూటింగ్ రేంజ్‌కి వెళ్లాం. కాగితం 7 గజాల దూరంలో పెట్టాం. మొదటి 8 తూటాలూ నడిమి చుక్కకు నాలుగైదు అంగుళాలు కిందికి, ఎడమకి పడ్డాయి. కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీలో బోర్లా పడుకుని .22 రైఫిల్ కాల్చినవాణ్ని, నా గురి మీద నాకు నమ్మకం. "గురి చూసే సైట్ వంకరగా ఉందిరా, చవకది కదా" అన్నాను. "నేను కాలిస్తే బాగానే పడతాయి బావా" అన్నాడు వాడు.

పక్క లేన్‌లో ఎవరికో నేర్పిస్తున్న ఒక పెద్దాయన మా కాగితం చూసి దగ్గరకు వచ్చాడు. మ్యాగజైన్ తీసుకుని, నన్ను అటు తిరగమని, తూటాలు నింపి ఇచ్చాడు. రెండు పేలాయి. మూడోసారి నొక్కితే టక్‌మంది, అంతే. మధ్యలో ఒక డమ్మీ రౌండ్, అంటే పేలని ఉత్తుత్తి తూటా, పెట్టాడట. తూటా పేలకపోయినా పిస్టల్ మూతి మాత్రం అంగుళం కిందికి దిగింది. నా కళ్లతో నేనే చూశాను. మోతకి, తన్నుకి భయపడి, ట్రిగ్గర్ నొక్కుతూనే చెయ్యి ముందుగా కిందికి తోస్తోందన్నమాట. కుడిచేతివాళ్లకి తూటాలు కింద ఎడమకి పడుతుంటే ఎక్కువసార్లు కారణం ఇదేనని చెప్పి, అదే పిస్టల్‌తో ఐదు తూటాలు అరచెయ్యంత జాగాలో దించాడు.

తర్వాత ముప్పావుగంట అదే పని. డమ్మీ ఎక్కడుందో తెలియకుండా బావమరిది నింపడం, నేను వేలి మెత్తటి భాగంతో నెమ్మదిగా నొక్కడం. ఒకసారి తూటా పేలాక మిగిలే ఖాళీ కేసు స్లైడ్‌లో ఇరుక్కుంది. అదీ నా పట్టు వదులైనందుకే. మూతి టార్గెట్ వైపే ఉంచి, వేలు ట్రిగ్గర్ మీంచి తీసి, మ్యాగజైన్ దించి, స్లైడ్ లాగితే ఊడిపడింది. ఆఖరి మ్యాగజైన్‌లో 8కి 6 లోపలి వలయంలో పడ్డాయి. పిస్టల్ అదే, సైట్ అదే.

అందుకే బ్రాండ్ గురించి కొట్లాడుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఐదారు వందల డాలర్లు పెట్టి కొని ఏడాదికి ఒక్క బాక్స్ తూటాలు కాల్చేవాడి కంటే, చవకది కొని మిగిలిన డబ్బు తూటాలకీ ట్రైనింగ్‌కీ పెట్టినవాడే బాగా కాలుస్తాడు. ఇక రేంజ్‌లో ఫోటోల కోసం పిస్టల్ పక్కకి తిప్పేవాళ్లు! ఆ రోజు ఒక కుర్రాడు సెల్ఫీ కోసం వెనక్కి తిరిగితే మూతి సరిగ్గా మా బావమరిది పొట్టకి ఎదురుగా వచ్చింది. సేఫ్టీ ఆఫీసర్ పరుగున వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. లోడ్ అయిందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మీరు వీసా సంగతి రాయలేదు. హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసా మీద ఉంటే ముందు అది చూసుకోండి. అలాంటివాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. రేంజ్‌లో అద్దెకే కదా అనుకోకండి, అదీ దగ్గర ఉంచుకోవడం కిందికే వస్తుంది. నాకు గ్రీన్ కార్డ్ వచ్చాకే నేను రేంజ్ గుమ్మం తొక్కాను.

వెళ్తే ఇయర్ ప్లగ్స్ పెట్టుకుని వాటి మీద చెవులు మూసే మఫ్స్ కూడా పెట్టుకోండి. ఇండోర్‌లో ఆ మోత గుండెల్లో తెలుస్తుంది. మెడ దగ్గర మూసుకుపోయే చొక్కా వేసుకోండి, వేడి కేసు లోపల పడితే బొబ్బ లేస్తుంది. బయటికొచ్చాక తూటాల నుంచి అంటిన సీసం పోయేలా చన్నీళ్లతో, సబ్బుతో చేతులు కడుక్కున్నాకే ఏదైనా తినండి. డమ్మీ రౌండ్లు మాత్రం మర్చిపోకుండా కొనండి. 9 ఎంఎంవి ఒక ప్యాకెట్ ఇప్పటికీ నా బ్యాగులోనే ఉంటుంది.