తాళం వేసిన ఇంటికి అలారం

ప్రశ్న: మాది కాశీబుగ్గ. దసరాకు హైదరాబాదులోని మా అమ్మాయి దగ్గరికి వెళ్లి నెల రోజులు ఉంటాము. ఇంటికి అలారం పెట్టించమని అందరూ అంటున్నారు. తలుపు తీసిన సంగతి దానికి ఎలా తెలుస్తుంది? కరెంటు పోతే ఏమవుతుంది?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: తలుపు సెన్సర్‌లో రెండు ముక్కలు ఉంటాయి. ద్వారబంధానికి బిగించే ముక్కలో, చిన్న గాజు గొట్టంలో, రెండు సన్నని లోహపు రేకులు ఉంటాయి; తలుపు రెక్కకు బిగించేది అయస్కాంతం. తలుపు మూసి ఉన్నంతసేపు అయస్కాంతం ఆ రేకులను కలిపి ఉంచుతుంది. తెరవగానే అవి విడిపోయి ప్యానెల్‌కు (అలారాన్ని నడిపే ప్రధాన పెట్టెకు) వెళ్లే విద్యుత్తు తెగుతుంది, సైరన్ మోగుతుంది. ఈ ఏర్పాటు వల్లనే, తీగలతో బిగించిన అలారంలో దొంగ తీగ కోసినా మోత తప్పదు. మీ వీధి తలుపు రెండు రెక్కలదైతే రెండింటికీ విడివిడిగా సెన్సర్లు పెట్టించండి. వానలకు చెక్క ఉబ్బి తలుపు సరిగ్గా పడకపోతే అయస్కాంతం ఎడమై, ఎవరూ రాకుండానే సైరన్ మోగవచ్చు కనుక ముందు వడ్రంగిని, ఆ తరువాతే అలారం మెకానిక్‌ను పిలవడం మంచిది.

గదిలో కదలికను పట్టే సెన్సర్ కెమెరా కాదు. మనిషి ఒంటి వేడి వల్ల పరారుణ కిరణాలలో వచ్చే మార్పును మాత్రమే గుర్తిస్తుంది. దానిని సుమారు 7 అడుగుల ఎత్తున, ఎండ పడే కిటికీకి ఎదురుగా కాకుండా బిగించాలి. దాని కటకం మీద బల్లి పాకినా మనిషి నడిచినట్టే అనుకోవచ్చు. ఇలా రెండు మూడు సార్లు ఉత్తుత్తికే మోగితే ఇరుగుపొరుగు లేచి చూడడం మానేస్తారు, ఆ తప్పు వారిది కాదు.

ఇక కరెంటు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పటి చీకటి గురించి మీకు నేను చెప్పనక్కరలేదు. ప్యానెల్‌లో సాధారణంగా 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఉంటుంది. ప్యానెల్ 0.2 ఆంపియర్లు తీసుకుంటే కాగితం మీద లెక్క 35 గంటలు; బ్యాటరీ పాతదైతే అందులో సగమైనా రాకపోవచ్చు. వైఫై మీదే ఆధారపడిన అలారమైతే కరెంటుతో పాటు రూటర్ కూడా ఆగిపోయి, ఇంట్లో సైరన్ మోగుతున్నా మీ ఫోనుకు కబురు అందదు. అందుచేత సిమ్ కార్డు వేసే ప్యానెల్‌నే అడగండి. దాని రీఛార్జి గడువు మీరు తిరిగి వచ్చేదాకా ఉండాలి. 2జీ ప్యానెల్‌లో జియో సిమ్ పనిచేయదు.

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది, సైరన్ వినగానే కదిలేది ఎవరన్నది. హైదరాబాదు నుంచి మీరు 112 నొక్కితే ఆ పిలుపు తెలంగాణ పోలీసులకు వెళ్తుంది కనుక మీ ఊరి స్టేషను నంబరు రాసి ఉంచుకోండి. ప్యానెల్‌లో మొదటి నంబరు మీది కాక, వారిని అడిగి, పక్కింటివారిది పెట్టించండి. తాళం వేసిన ఇళ్లపై నిఘాకు ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే ఉచిత ఏర్పాటు తెచ్చారు. అది మీ స్టేషనులో దొరుకుతుందేమో కనుక్కోండి. ప్రయాణానికి వారం ముందు ఒక సాయంత్రం అలారం వేసి, మెయిన్ స్విచ్ ఆపి, పెరటి తలుపు తీసి, పక్కింట్లో ఫోను మోగిందో లేదో చూడండి.