ఇన్‌చార్జి సిస్టర్ అయిన మా అమ్మాయికి

చిరంజీవి సౌజన్యకు,
పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్ను వార్డు ఇన్‌చార్జిగా వేశారని తెలిసి ఇంటిల్లిపాదీ సంతోషపడ్డాం. ఆ వెంటనే "ఎవరూ నా మాట వినట్లేదు పెద్దమ్మా, తలూపి వెళ్ళిపోతున్నారు" అన్నావు. ఫోన్‌లో తేలే విషయం కాదని కూర్చుని రాస్తున్నాను.

ఆ ఆర్డరు కాపీ నీకు సంతకం పెట్టే హక్కు ఇచ్చింది, అంతే. సంతకానికి భయపడి చేసే పని నువ్వు వార్డులో తిరుగుతున్నంతసేపే సాగుతుంది. రాత్రి మూడింటికి నువ్వు ఉప్పల్‌లో మీ ఇంట్లో నిద్రపోతుంటావు. రెండు గంటలకోసారి పక్క తిప్పాల్సిన ముసలాయనను ఆ వేళ డ్యూటీలో ఉన్న పిల్ల నిజంగా తిప్పిందా, తిప్పినట్టు చార్టులో రాసి పెట్టిందా? నీ మాట చెల్లుతోందో లేదో చెప్పేది అదొక్కటే. ఎదురుగా తలూపడం లెక్కలోకి రాదు.

ముందు డ్యూటీల రోస్టర్ చక్కబెట్టు. మన వృత్తిలో మనుషుల మనసు గెలిచేదీ అక్కడే, పోగొట్టుకునేదీ అక్కడే. సద్దుల బతుకమ్మ రాత్రి ఎవరు, క్రిస్మస్ రాత్రి ఎవరు, ఓణానికి కేరళ సిస్టర్లలో ఎవరికి సెలవు, రంజాన్ నెలలో మధ్యాహ్నం షిఫ్టు ఆయమ్మలను ఇఫ్తార్ వేళకు అరగంట ఎవరు వదులుతారు, ఇవన్నీ నెల ముందే అడుగు. పోయిన ఏడాది ఏ పండగకి ఎవరు చేశారో పాత రిజిస్టరు తీసి చూడు. కొత్తది వేశాక గోడకు అంటించు. రాత్రి పదింటికి వాట్సాప్‌లో "రేపు నువ్వు నైటు" అని పెట్టే అలవాటు అసలు వద్దు. నీతో టిఫిన్ పంచుకునే పిల్లకి ఆదివారాలన్నీ ఆఫ్ పడ్డాయంటే, ఒక కంట్లో వెన్న, ఒక కంట్లో సున్నం అని వార్డంతా అనుకుంటుంది. ఆ తర్వాత నువ్వెంత న్యాయం చెప్పినా ఎవరి చెవికీ ఎక్కదు. మొదటి రెండు నెలలూ ఎవరూ ఒప్పుకోని నైట్లలో ఒకటి రెండు నీ పేరున వేసుకో. అన్నీ నెత్తిన వేసుకోకు. అలా చేస్తే నువ్వు పడిపోతావు, వాళ్ళకి అలవాటైపోతుంది.

నీకంటే పదిహేనేళ్ళు పెద్దావిడ ఒకరు నీ కింద పనిచేయాల్సి వచ్చిందని ఇబ్బంది పడుతున్నావు కదా. ఆవిడ మీద పెత్తనం చూపకు, అలాగని చూసి తప్పుకు తిరగకు. విరేచనాలతో నీరసించిపోయిన పసిబిడ్డకి సెలైన్ ఎక్కించే క్యాన్యులా వేయాలంటే, నలుగురు గుచ్చి వదిలేశాక ఐదోసారి ఆవిడను పిలుస్తున్నారు. మొదటే ఆవిడను పిలువు. ఆవిడ బిడ్డ చెయ్యి తన అరచేతిలో పెట్టుకుని, తొందరపడకుండా వేలితో నరం తడుముతుంటే కొత్త పిల్లలను పక్కన నిలబెట్టి చూడమను. రౌండ్స్‌లో డాక్టరుగారు అడిగితే "లైను వేసింది ఈవిడే సార్" అని పేరు పెట్టి చెప్పు. ఆవిడ పని ఆవిడ ఖాతాలో పడుతోందని తెలిశాక నీతో పోటీ పడాల్సిన అవసరం ఆవిడకు ఉండదు.

ఆయమ్మల సంగతి వేరు. అవుట్‌సోర్సింగ్ వాళ్ళు, జీతం ఆలస్యమైతే అద్దె కట్టలేరు. జీతం వేయించడం నీ చేతిలో లేదు. "చూస్తాలే" అనకు. "లెటర్ పెట్టాను, గురువారం చెప్తాను" అను. గురువారం ఏమీ తేలకపోయినా నువ్వే వెళ్ళి ఏమీ తేలలేదని చెప్పు. అన్న రోజుకి నువ్వు ఎదురుగా నిలబడ్డావు చూడు, దానికే వాళ్ళు విలువిస్తారు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. ఎవరైనా ఒక మందు బదులు ఇంకో మందు ఇచ్చారనుకో. ముందు పేషెంటును చూడు, డాక్టరుకు చెప్పు, రిపోర్టు రాయించు. ఆ పిల్లతో మాట్లాడటం తర్వాత, తలుపు వేసి. పేషెంటు బంధువుల ముందు అరిచావంటే ఇంకోసారి తప్పు జరగకుండా పోదు, జరిగింది నీ దాకా రాకుండా పోతుంది. దాచిన డోసు ప్రాణం తీస్తుంది సౌజన్యా. "సిస్టర్, నా వల్ల పొరపాటైంది" అని వణుకుతూనైనా ఎవరో ఒకరు నీ దగ్గరికి వచ్చిన రోజు నువ్వు ఇన్‌చార్జివి అయినట్టు.

డాక్టర్లు నీ మాట పట్టించుకోరన్నావు. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1854లో, క్రిమియా యుద్ధం నడుస్తుండగా, 38 మంది నర్సులతో టర్కీలోని స్కుటారిలో ఉన్న బ్రిటిష్ మిలిటరీ ఆసుపత్రికి వెళ్ళింది. ఆమె దగ్గర ప్రభుత్వం ఇచ్చిన నియామకం ఉంది. అయినా అక్కడి ఆర్మీ డాక్టర్లు నర్సులను వార్డుల్లోకి రానివ్వలేదు. ఆమె ఆ కాగితం చూపించి గొడవ పెట్టుకోలేదు. డాక్టర్లు పిలిస్తే తప్ప వెళ్ళొద్దని తన వాళ్ళకి చెప్పి, ఈలోగా కట్లూ దిండ్లూ కుట్టించింది. ఆ యుద్ధంలోనే ఇంకెర్మన్ దగ్గర గాయపడ్డవాళ్ళు వందల్లో వచ్చిపడ్డాక డాక్టర్లే పిలిచారు. రోగులు కళ్ళెదుట ఉండగా ఆగడం ఎంత కష్టమో నీకు చెప్పక్కర్లేదు. నువ్వు మాత్రం అంత ఆగకు, రోగి దిగజారుతుంటే అప్పుడే ఫోన్ చెయ్యి. "14వ బెడ్ పేషెంటు ఎందుకో బాగా లేడు సార్" అనకు. "నాలుగు గంటల్లో 60 మిల్లీలీటర్ల యూరినే వచ్చింది, బీపీ 90/60కి దిగింది, మీరు వచ్చి చూడాలి" అను. లెక్క సరిగ్గా ఉన్న ఫోన్లు నాలుగు వెళ్తే, ఐదోసారి నీ గొంతు వినగానే లేచి వస్తారు.

మంచిదనిపించుకోవాలని మాత్రం చూడకు. బిర్యానీలు తినిపిస్తే నవ్వుతూ మాట్లాడతారు, రాత్రి మూడింటికి దాంతో పని జరగదు. నైట్ డ్యూటీలో మానిటర్ అలారం ఆపేసి పడుకున్న మనిషి దొరికితే బుజ్జగించకు, మెమో ఇవ్వు. దానికే ఆ సంతకం ఇచ్చారు. నిజాయితీగా మేలుకుని పనిచేసే వాళ్ళంతా నువ్వు అప్పుడేం చేస్తావా అని చూస్తుంటారు.

దసరా నెల రోస్టర్ ఇంకా వేయలేదన్నావు. ఈ వారమే అందరినీ అడగడం మొదలుపెట్టు, ఆ పెద్దావిడతోనే మొదలుపెట్టు. చిత్తుప్రతి రాసుకుని ఆదివారం మా ఇంటికి పట్టుకురా, ఇద్దరం కూర్చుని చూద్దాం.

నీ పెద్దమ్మ