"ఏం కాదు" అనకు

1-1-2022

అమ్మలూ,

సోమవారం నుంచి పిల్లలకు కరోనా టీకాలని, హైస్కూల్లో మైకు నీ చేతికే ఇస్తున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మురిసిపోతూ చెప్పింది. నేనూ మురిశాను, కానీ రాత్రి నిద్ర పట్టలేదు.

15 నుంచి 18 ఏళ్ల వాళ్లకి, కొవాగ్జిన్, 28 రోజులకి రెండో డోసు. ఇవి నీకు తెలిసినవే. పిల్లల్ని తిని రమ్మను. ఒక్కడు కళ్లు తిరిగి పడ్డాడంటే వెనక లైనంతా ఖాళీ.

నా భయమంతా ఒక్క మాట గురించి. పోయిన ఏప్రిల్లో, రిటైర్మెంటుకి మూడు నెలల ముందు, రచ్చబండ దగ్గర మైకులో "ఏం కాదు, నాదీ పూచీ" అనేశాను. ముప్పై ఏళ్లు పోలియో చుక్కలు వేసిన నోరు కదా, నమ్మారు. ఆ రోజు నలభై మంది వేయించుకున్నారు. మర్నాడు కిరాణా కొట్టు ముందు నుంచి వెళ్తుంటే తాతయ్య పిలిచాడు. నా చెయ్యి పట్టుకుని తన నుదుటి మీద పెట్టుకున్నాడు. కాలిపోతోంది. "ఏం కాదన్నావుగా?" అన్నాడు, అంతే. తిట్టినా బాగుండేది. కొట్టు దగ్గర ఎనిమిది మంది విన్నారు.

రెండు రోజుల్లో జ్వరం తగ్గింది. ఊరికి మాత్రం నా మీద నమ్మకం పోయింది. అప్పుడు వేసిన కొవిషీల్డ్ టీకా వయల్లో (సీసాలో) పది డోసులు, తెరిస్తే నాలుగు గంటల్లో వాడేయాలి. పదిమంది పోగవక, తెరవని వయల్ టీకాల క్యారియర్‌లో పెట్టుకుని సాయంత్రం దాకా కూర్చున్నాను. అలా ఎన్నో రోజులు. మే నెలలో సెకండ్ వేవ్ చూసి జనమే పరుగెత్తుకొచ్చారు. అప్పుడు స్టాకు లేదు.

"ఒకటి రెండు రోజులు జ్వరం, ఒళ్లు నొప్పులు రావచ్చు, ఇదిగో పారాసిటమాల్, తగ్గకపోతే రాత్రయినా ఫోన్ చెయ్యండి" అని ముందే చెప్పి ఉంటే ఆ జ్వరానికి ఎవరూ బెదిరేవాళ్లు కాదు. టీకా వేసుకున్నా కరోనా రావచ్చని కూడా చెప్పు. ప్రాణం మీదకి రాకుండా కాపాడుతుందని ఆ వెంటనే చెప్పు.

తెలియనిది అడిగితే తెలియదను. నీకది చిన్నప్పటి నుంచీ నామోషీ, లెక్కల మాస్టారి దగ్గర కూడా ఏదో ఒకటి చెప్పేదానివి! డాక్టరు గారినడిగి సాయంత్రం చెప్తానను. సాయంత్రం ఆ ఇంటికి వెళ్లి చెప్పు కూడా.

సంక్రాంతికి అరిసెలు చేస్తున్నాను. గొంతు నొప్పి ఉంటే మాత్రం రాకు. ఉన్నా లేదని నా దగ్గర దాచకు, మీ నాన్నతో పంపిస్తాను.

మీ పెద్దమ్మ