పొట్టివాళ్లకు వైడ్ లెగ్ ప్యాంటు నప్పదా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కాళ్లు బాగా వెడల్పుగా, వదులుగా ఉండే వైడ్ లెగ్ ప్యాంట్లు, పలాజోల గురించే. నల్లగొండలో మా కుట్టు దుకాణానికి వచ్చేవాళ్లు కూడా ఇవే అడుగుతున్నారు. అందుకే మిగతా ప్రశ్నలను వచ్చే నెలకు వాయిదా వేసి ఈసారి వీటికే జవాబులు రాస్తున్నాను.

అక్కా, నేను దేవరకొండలో టీచరును. ఎత్తు అయిదు అడుగులు, కొంచెం బొద్దుగా ఉంటాను. ముచ్చటపడి వైడ్ లెగ్ ప్యాంటు కొనుక్కున్నాను. నడుము బొడ్డు కిందికి జారుతోంది. పొడవు ఎక్కువైతే కింద పైకి రెండు మడతలు పెట్టి, మోకాళ్ల దాకా ఉండే కుర్తా వేసుకున్నాను. స్టాఫ్ రూములో అందరూ 'పొట్టివాళ్లకు ఇవి నప్పవు' అన్నారు. మళ్లీ వేసుకోవాలంటే మనసొప్పడం లేదు. నిజంగానే నప్పవా?

నప్పుతాయి. ఆ మాట వింటే నాకు కోపం వస్తుంది. ఎవరో పొడుగాటి మనిషి కొలతలతో కోసిన ప్యాంటు మీకు కుదరకపోతే సరిచేయాల్సింది ప్యాంటును. మీ ఎత్తులో దిద్దాల్సిందేమీ లేదు.

మీ ఉత్తరంలోనే మూడు కారణాలున్నాయి. మొదటిది నడుము. ప్యాంటు ఎక్కడ మొదలైతే కాలు అక్కడ మొదలైనట్టు కనిపిస్తుంది. బొడ్డు దగ్గర నిలిస్తే కాళ్లు పొడుగ్గా కనిపిస్తాయి, కిందికి జారితే అంత మేరా కురచవుతాయి. రెండోది కుర్తా. మోకాళ్ల దాకా అది కప్పేస్తే మిగిలేది మోకాలి కింది భాగమే, అక్కడ ప్యాంటు వెడల్పు తప్ప ఇంకేమీ కనిపించదు. తుంటి ఎముక దగ్గర ఆగే పొట్టి కుర్తా వేసుకోండి. బడికి పొడుగు కుర్తాయే కావాలంటే పక్క చీలికలు నడుము దాకా ఉన్నది ఎంచుకోండి, నడిచేటప్పుడు ప్యాంటు గీత పైదాకా కనిపిస్తుంది. మూడోది పైకి పెట్టిన మడత. అది కాలికి అడ్డంగా మందపాటి గీత గీసినట్టు ఉంటుంది. మడత విప్పేసి, రోజూ తొడుక్కునే చెప్పులతో నిలబడి, అంచు నేలకు అర అంగుళం పైన ఉండేలా గుర్తు పెట్టించండి. లోపలికి మడిచి హెమ్మింగ్ చేయించండి. చెప్పులు లేకుండా తీసిన కొలత ఈ ప్యాంటుకు పనికిరాదు.

ఇక వెడల్పు. మీ ఎత్తుకు ఒక్కో కాలి అంచు చుట్టుకొలత 20 నుంచి 22 అంగుళాలు చాలు. తగ్గించాల్సి వస్తే బయటి కుట్టు ఒక్కటే లోపలికి వేసేస్తారు కొందరు. అలా చేస్తే కాలు పక్కకు మెలి తిరిగినట్టు నిలుస్తుంది. లోపలి కుట్టు, బయటి కుట్టు రెండింటి నుంచీ సమానంగా, తుంటి కింది నుంచే తగ్గించమని చెప్పండి.

కొత్తది కుట్టించుకునేటప్పుడు ఒక కొలత మీరే తీసుకుని వెళ్లండి. చెక్క కుర్చీలో నిటారుగా కూర్చుని, నడుము పక్క నుంచి కుర్చీ పీట దాకా టేపు పెట్టండి. దానికి ఒక అంగుళం కలిపితే నడుము నుంచి కాళ్లు విడిపోయే చోటు దాకా ఉండాల్సిన లోతు వస్తుంది. చాలాచోట్ల సీటు చుట్టుకొలతలో నాలుగో వంతు తీసుకుని అంచనాతో కోస్తారు. బొద్దుగా ఉన్నవాళ్లకు ఆ అంచనా తరచుగా తప్పుతుంది. లోతు తక్కువైతే గుడ్డ కరుచుకుంటుంది, ఎక్కువైతే వేలాడుతుంది. వేలాడినప్పుడే మనిషి పొట్టిగా కనిపిస్తుంది. ముందు వైపు సాదా పట్టీ, వెనక మాత్రమే ఎలాస్టిక్ పెట్టించుకుంటే పొట్ట దగ్గర ఉబ్బదు, నడుము జారదు.

ఆ ప్యాంటును మూల పడేయకండి. పైన చెప్పినవన్నీ దానిలోనే సరిచేయవచ్చు.

మిర్యాలగూడ ఎండలు మీకు తెలియనివి కావు. క్రేప్ పలాజో ఆన్‌లైన్‌లో తెప్పిస్తే చెమటకు కాళ్లకు అంటుకుపోతోంది. ఏ గుడ్డ తీసుకోవాలి?

క్రేప్ పేరుతో తక్కువ ధరకు దొరికేవి ఎక్కువగా పాలియెస్టరే. పాలియెస్టర్ చెమటను పీల్చుకోదు. కొనే ముందు వివరాల్లో నూలు శాతం చూడండి.

మన ఎండలకు నూలు, లినెన్, రేయాన్ మూడూ మంచివే. నూలు గాలి ఆడనిస్తుంది కానీ మరీ బిరుసైనది తీసుకుంటే కాళ్లకు దూరంగా డేరాలా నిలబడుతుంది. దుకాణంలో గుడ్డను ఒక చేత్తో పైకెత్తి వదలండి. మెత్తగా కిందికి జారాలి. తర్వాత గుప్పిట్లో నలిపి చూడండి. లినెన్ నలగడం సహజం, అది ఇష్టం లేనివాళ్లు దాని జోలికి పోవద్దు. రేయాన్ అందంగా జారుతుంది, చల్లగానూ ఉంటుంది. కానీ తడిసినప్పుడు దాని బలం తగ్గుతుంది. పిండి మెలిపెట్టవద్దు, నీళ్లు ఓడుస్తున్న ప్యాంటును అంచు పట్టి తీగకు వేలాడదీయవద్దు, సాగుతుంది. రేయానూ నూలూ కుదించుకుపోతాయి కాబట్టి కోయడానికి ముందు రాత్రంతా నానబెట్టి ఆరబెట్టాలి. తెలుపు, లేత రంగులైతే గుడ్డ లోపల చేయి పెట్టి దుకాణం బయట వెలుతురులో చూడండి. వేళ్లు కనిపిస్తే లైనింగ్ తప్పదు.

అక్కా, భువనగిరిలో డిగ్రీ చదువుతున్నాను. పోచంపల్లి ఇక్కత్ గుడ్డతో పలాజో కుట్టించుకోవాలని ఉంది. ఎంత గుడ్డ కావాలి? ఏం జాగ్రత్త పడాలి?

మన పక్క ఊరి నేతను కాలేజీకి వేసుకోవాలనుకోవడం నాకు ఎంతో సంతోషంగా ఉంది చెల్లీ. మామూలు ఎత్తుకు 44 అంగుళాల పన్నా (గుడ్డ వెడల్పు) ఉంటే రెండున్నర మీటర్లు సరిపోతుంది. డిజైను పెద్దదైతే ఇంకో పావు మీటరు తీసుకోండి, రెండు కాళ్ల మీదా డిజైను ఒకే ఎత్తులో కలవాలంటే కొంత వృథా పోతుంది.

ఇక్కత్‌లో నూలుకు ముందే ముడులు కట్టి రంగులద్ది, ఆ తర్వాత నేస్తారు. అందుకే డిజైను రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది, అంచులు కొద్దిగా చెదిరినట్టు కనిపిస్తాయి. వెనక వైపు రంగు వెలిసిపోయినట్టు ఉంటే అది మగ్గం మీది ఇక్కత్ కాదు, అచ్చు వేసిన నకలు. ఈ గుణం వల్లే కుట్టేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. ఏది లోపలి వైపో తెలియక ముక్కలను తారుమారుగా కలిపి రెండూ ఒకే కాలికి పనికొచ్చేలా కుట్టేసే ప్రమాదం ఉంది. కోయగానే ప్రతి ముక్కకూ లోపలి వైపు సుద్దతో గుర్తు పెట్టమని మీ టైలరుకు చెప్పండి. ఏనుగులు, చిలుకల వంటి బొమ్మలుంటే రెండు కాళ్లలోనూ తలలు పైకే ఉండాలి. గుడ్డ కలిసివస్తుందని ఒక ముక్కను తిరగేసి కోస్తే ఒక కాలి మీద ఏనుగులు తలకిందులవుతాయి. పైన సాదా రంగు పొట్టి కుర్తా చాలు, ఇక్కత్ మీద ఇంకో ఇక్కత్ వద్దు.

మాది నారాయణపేట. అమ్మ నూలు చీర కుచ్చిళ్ల దగ్గర చిరిగింది. మిగతాది బాగుంది, అంచు ఇప్పటికీ మెరుస్తోంది. దాన్ని వెడల్పు ప్యాంటుగా కుట్టించుకోవచ్చా? అత్తమ్మ ఇచ్చిన గద్వాల చీర కూడా ఒకటుంది, అదీ అలాగే చేయించనా?

నారాయణపేట చీరకు సరే. గద్వాల చీర మీద మాత్రం కత్తెర పెట్టకండి. అందులో ఒళ్లు నూలు, అంచు పట్టు. ప్యాంటుగా మారితే వారం వారం ఉతకాలి, ఆ ఉతుకుడు పట్టుకూ నూలుకూ ఒకేలా పడదు. దాన్ని చీరగానే కట్టుకోండి.

అమ్మ చీరకు వద్దాం. చీర పొడవునా ఉండే అంచు ప్యాంటు కింది అంచుగా రావాలి. అంటే గుడ్డను అడ్డంగా పరిచి, కాలి పొడవు చీర పన్నాలో వచ్చేలా కోయాలి. పన్నా 45 అంగుళాల దాకా ఉంటే, 38 అంగుళాల ప్యాంటూ నడుము మడతా సుఖంగా వస్తాయి. చీర అంచు నేతలోనే ముగిసి ఉంటుంది కాబట్టి కింద మడత అక్కర్లేదు, అంచులోని గోపురం డిజైను మొత్తం పైకే కనిపిస్తుంది. పై వైపు మిగిలే రెండో అంచును కుర్తా చేతులకు వాడుకోండి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ ప్యాంటు కిందికి పోనుపోను విచ్చుకునే కోతలో కుదరదు. విచ్చుకోవాలంటే కింది అంచు వంపు తిరగాలి, నేసిన అంచేమో తిన్నగా ఉంటుంది. దాన్ని వంచితే ముడతలు పడుతుంది, కోసి అతికితే అందం పోతుంది. అందుకని కాలును పైనుంచి కింది దాకా ఒకే వెడల్పుతో తిన్నగా కోయించి, నడుము దగ్గర కుచ్చిళ్లు పెట్టించండి. రెండు కాళ్లకూ కలిపి రెండు మీటర్ల చీర చాలు. చిరిగిన భాగం కోతలో పక్కకు పోతుంది. కొంగు వైపు మిగిలినదాన్ని దుపట్టా చేసుకోండి.

కోయడానికి ముందు చీరను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉన్న చోట నూలు పలచబడుతుంది. ఆ గీతలు సీటు దగ్గరకు రాకూడదు, కూర్చోగానే చిట్లుతాయి. సీటు నుంచి మోకాలి దాకా మల్‌మల్ (పలచటి మెత్తని నూలు గుడ్డ) లైనింగ్ వేయించండి. ఎన్నో ఉతుకులు చూసిన చీర ఇక కుదించుకుపోదు, కొత్త మల్‌మల్ కుదించుకుపోతుంది. లైనింగును నానబెట్టకుండా వేస్తే మొదటి ఉతుకుకే అది చీరను లోపలికి లాగి ముడతలు పెడుతుంది.

నాకు 52 ఏళ్లు, మహబూబ్‌నగర్‌లో ఉద్యోగం. ఆఫీసుకు వేసుకుంటే వయసుకు తగ్గట్టు ఉంటుందా?

నిక్షేపంగా వేసుకోండి. ముదురు నీలం, బూడిద లేదా కాఫీ రంగు, ముందు ఒక్కో కాలికి ఒక్క కుచ్చు, దాని నుంచి కిందిదాకా ఇస్త్రీ గీత, రెండు పక్కలా లోతైన జేబులు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కూర్చుని లేవడానికి బిగుతు లెగ్గింగ్ కంటే ఇదే హాయి. అంచు మాత్రం నేలకు ఒక అంగుళం పైన ఉంచండి, ఆఫీసు మెట్లు దిగేటప్పుడు మడమ కింద పడకుండా.

సూర్యాపేటలో అక్క స్కూటీ వెనక కూర్చుని కాలేజీకి వెళ్తాను. పలాజో వేసుకోవచ్చా?

కాలి అంచు ఘేర్ (చుట్టుకొలత) 40 అంగుళాలున్న పలాజో వేసుకుని బండెక్కవద్దు. కాలి అంచు 24 అంగుళాలకు మించకుండా చూసుకోండి. కూర్చోగానే రెండు అంచులూ ముందుకు లాక్కుని తొడల కింద నొక్కి పెట్టండి. ఒక పక్కకు కాకుండా రెండు వైపులా కాళ్లు వేసి కూర్చోండి. చక్రానికి చీర గార్డు లేకపోతే ముందు అది బిగించాకే ఈ ప్యాంటు. రోజూ బండి మీదే వెళ్లాల్సి ఉంటే అంచు లోపల చిన్న గుండీ, దారపు కొక్కెం కుట్టించుకోండి. బండెక్కేటప్పుడు చీలమండ దగ్గర బిగించి, కాలేజీ గేటు దగ్గర విప్పుకోవచ్చు.